దానయ్య కట్టిన ఎర్ర పేలిక

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్త బండి కొన్నాడు. కారు అంటే వాడికి కోపం. దానికేదో పొడుగాటి పేరుంది, నాకు నోరు తిరగదు. అది మా సందులోకి రావాలంటే ముందు నలుగురు బయటికొచ్చి తమ స్కూటర్లు పక్కకు జరుపుకోవాలి. నాలుగు చక్రాలూ లాగే బండి అని వెనక తలుపు మీద వెండి అక్షరాలతో గొప్పగా రాసి ఉంది. వీడు పొద్దున ఆ బండెక్కి ఆఫీసుకు పోతాడు, సాయంత్రం అదే బండెక్కి ఇంటికొస్తాడు. దాని చక్రాలకు బురద అంటే చోటు ఏదైనా ఉందంటే అది వాళ్ల అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పూలకుండీలకు నీళ్లు పట్టే చోటే. "పెద్ద డాడీ, ఎక్కు, ఒక రౌండ్ ఏసొద్దాం" అన్నాడు. పెద్దనాన్న అనే నిండైన మాట ఉండగా ఈ పెద్ద డాడీ ఏమిటో, ఎవడు కనిపెట్టాడో, వాణ్ని నిలబెట్టి అడగాలని నాకెప్పుడూ ఉంటుంది. సరే, ఎక్కాను. అంత ఎత్తు ఎక్కడానికి మోకాళ్లను బతిమాలుకోవాల్సి వచ్చింది.

తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్ రోడ్డు మీదికి వచ్చాం. మిట్టమధ్యాహ్నం, చుక్క తడి లేని డాంబరు రోడ్డు. వాడు ఏదో గుండ్రటి మీట తిప్పి, "ఇగ చూడు పెద్ద డాడీ, ఫోర్ వీల్‌ల ఏసిన. రోడ్డును ఎట్ల పట్టుకుంటదో చూడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తియ్యరా ముందు! ఎండిన రోడ్డు మీద వేస్తారురా దాన్ని? బుద్ధి లేదూ?" అని అరిచాను. వాడు నవ్వాడు. "ఏం కాదు. మనం మర్చిపోయినా గది మర్చిపోదు. గీ లైట్ చూడు" అని స్టీరింగు ముందున్న చిన్న పచ్చదీపం చూపించాడు. "ముందు టైర్లు పట్టినయంటే ఇది ఎలుగుతది. తీసేదాంక ఆరదు." నేను ఆ దీపం వంకే చూస్తూ ఉండిపోయాను. వాడికి నా బీపీ మీద అనుమానమొచ్చి బండి వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చి బీరువా అడుగు అర వెతికి, నాలుగు మడతలు పెట్టి ఉన్న ఒక ఎర్రటి చీర పేలికను బయటికి తీశాను. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. దాని కథ ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ కథ అయితే కదా.

అరవైలు ముగుస్తున్న రోజుల్లో నేను క్యాంపస్‌లో రాళ్ల చదువు చదివేవాణ్ని. ఆ శాస్త్రానికి మంచి పేరే ఉంది గానీ, మా పెద్దబాపు మాత్రం ఎవరడిగినా "మావోడు రాళ్లు సదువుతుండు" అనే చెప్పేవాడు. మా నాన్నకు అన్న ఆయన. లాలాపేట్ దిక్కున రైల్వే కార్ఖానాలో పని. తార్నాకలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాడు, చదువు కోసం నన్ను ఊరి నుంచి తెచ్చి ఆ ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆయన తెల్లవారకముందే లేచి, బొగ్గుపొడితో పళ్లు తోముతూ, వీధంతా లేచేలా గొంతు సవరించుకునేవాడు. ఆ తర్వాత చుట్ట వెలిగించి సైకిల్ ముందు గొంతుక్కూర్చుని, దాని గొలుసుకు ఒక్కొక్క చుక్కే నూనె వేసేవాడు. ఆయన ఇంట్లో ఎవరితోనూ అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినలేదు. లోపల పెద్దమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడు, కట్టెల పొయ్యి పొగ, రోట్లో నూరిన ఎల్లిపాయ కారం ఘాటు. ఆ ఇంట్లో అన్నిటికీ ఒక వేళ ఉండేది, అన్నిటికీ ఒక వాసన ఉండేది. ఇప్పటి ఇళ్లలో వాసన రాకుండా డబ్బాలతో ఏదో చల్లుకుంటున్నారు. రాకూడని వాసన ఏం వస్తుందో మరి వీళ్ల ఇళ్లలో, నాకైతే తెలీదు.

మా డిపార్ట్‌మెంటుకు ఒక పాత మిలిటరీ లారీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న బండి. పైన కాన్వాసు గుడ్డ, లోపల రెండు చెక్క బల్లలు, ఎక్కడ ముట్టుకున్నా చేతికి గ్రీజు. గుట్టల్లోకి, వాగుల్లోకి రాళ్లకోసం పోవాలంటే అదే దిక్కు. మా హెడ్డు గారు దాన్ని లారీ అంటే ఊరుకునేవాడు కాదు, "వెహికిల్ అనవయ్యా" అనేవాడు. ఎండాకాలంలోనూ కోటు విప్పని మనిషి. ఫీల్డుకు వస్తే చెట్టు నీడన కుర్చీ వేయించుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, మేము మోసుకొచ్చిన రాళ్లను వేలితో తిప్పి చూసి "వెరీ గుడ్" అనేవాడు. బురదలో ఆయన బూటు దిగగా చూసినవాడు లేడు. అయినా బయటి నుంచి ఎవరైనా వస్తే చాలు, బానెట్ మీద చెయ్యి వేసి, "నాలుగు చక్రాలూ లాగుతాయి, అందుకే ఇంత స్పీడు" అని కోతలు కోసేవాడు. స్పీడుకూ దానికీ సంబంధం లేదని తెలిసినవాడు ఆ ఆవరణలో ఒక్కడే ఉన్నాడు. అతను ఆ మాట విన్నప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుని టైరు వంక చూసేవాడు.

అతనే దానయ్య. చర్చి పుస్తకంలో దానియేలు. మెదక్ దిక్కు పల్లె నుంచి పటాలానికి పోయి, యుద్ధంలో ఇలాంటి బండ్లే తోలి, చివరికి మా డిపార్ట్‌మెంటులో టెంపరరీ డ్రైవరుగా చేరాడు. చేరి ఏళ్లు గడిచినా టెంపరరీయే. యాభై దాటిన మనిషి. ఇరవై నిండిన నేను అతన్ని "ఏం దానయ్యా, ఎట్లున్నవ్" అని పిలిచేవాణ్ని. అతను నన్ను "బిడ్డా" అనేవాడు. అందులో తప్పున్నట్టు అప్పుడు నాకు తోచలేదు, మా ఇళ్లలో పెంపకం అలాంటిది. ఆ సంవత్సరం అతని పర్మనెంట్ ఫైలు కదిలింది. ఆర్డరు వస్తే క్యాంపస్‌లోనే ఒక క్వార్టరు ఇస్తారు. అతనూ అతని భార్య సుందరమ్మా గోల్నాకలో వానొస్తే మోకాళ్ల దాకా నీళ్లు నిలిచే గుడిసెలో ఉండేవాళ్లు. "గచ్చు ఇల్లు బిడ్డా, మీద రేకులు గూడ కాదు, స్లాబు" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ క్వార్టరు ఎక్కడుందో, దాని ముందు ఏ చెట్టుందో చూసి వచ్చాడు కూడా. షరతు ఒక్కటే. ఆర్డరు చేతికొచ్చేదాకా ఒక్క రోజు నాగా పెట్టకూడదు, బండికి ఒక్క దెబ్బ తగలకూడదు. ఫైలు మీద హెడ్డు గారి సంతకం పడాలి.

నాకేమో ఆ బండి నడపాలని పిచ్చి. అప్పటి నా వేషం చెప్పుకోవాలంటే సిగ్గే గానీ చెబుతాను. టెర్లిన్ ప్యాంటు, వెనక జేబులో దువ్వెన, మీసం పూర్తిగా రాకముందే మెలేయడం. విద్యార్థులు బండి ముట్టుకోకూడదని రూలు. దొరికితే నా సీటు పోతుంది, నేర్పినవాడి నౌకరీ పోతుంది. అయినా వదల్లేదు, పొద్దున షెడ్డులో, సాయంత్రం షెడ్డులో, దానయ్య వెంటపడి వేధించాను. చివరికి, "ఆదివారం ప్రార్థన అయినంక రామంతాపూర్ చెరువు దిక్కు పోదాం తీ. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. బండి మామూలుగా తోలడం రెండు ఆదివారాల్లో పట్టుబడింది. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉండేది, ముందు చక్రాలను పనిలోకి దించేది. దాని దగ్గరికి మాత్రం నెల దాకా రానివ్వలేదు.

అతని పద్ధతి వేరు. బురద ముందు బండి ఆపి, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, వట్టి కాళ్లతో తానే ముందు నడిచేవాడు. నన్నూ నడిపించేవాడు. "కాలు ఎంత దిగుతున్నది? కింద గట్టి తగులుతున్నదా? కాలుకు తెలిస్తే చేతికి తెలుస్తది" అనేవాడు. నడిచి చూశాక బండెక్కి, చిన్న రాడ్డు వేసి, డ్యాష్‌బోర్డు కింది నుంచి ఒక ఎర్ర పేలిక తీసి స్టీరింగుకు ముడి వేసేవాడు. సుందరమ్మ పాత చీర నుంచి చింపిన పేలిక అది. చెరువు బురద దాటి గట్టి నేల మీదికి రాగానే బండి ఆపేవాడు. చక్రాలు తిన్నగా పెట్టి, పది అడుగులు వెనక్కి పోనిచ్చి, రాడ్డును రెండు వేళ్లతో లాగితే వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేది. అప్పుడే పేలిక విప్పేవాడు. అంతవరకు ఆకాశం విరిగి పడినా విప్పడు.

"గట్టి రోడ్డు మీద అట్లనే ఉంటే ఏమైతది?" అని అడిగాను ఒకసారి.

"నువ్వు కాపోల్ల పిలగానివేనా? కల్లంల బంతి తిప్పుడు చూడలే? లోపటి ఎద్దు తక్కువ నడుస్తది, బయటి ఎద్దు ఎక్కువ నడుస్తది. రెండిటి కాళ్లు కలిపి కట్టినవనుకో, ఏమైతది?"

"పడుతయి."

"గంతే. మూల తిరిగినప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతయి, ఎనుకటియి తక్కువ పోతయి. బురదల అయితే జర జారి సర్దుకుంటయి. డాంబర్ మీద జారవు. లోపట ఇనుము మెలి తిరుక్కుంట, తిరుక్కుంట, ఏదో ఒక దగ్గర ఇరుగుతది." పేలిక ముడిని వేలితో తట్టాడు. "మనిషి మతి నమ్మొద్దు బిడ్డా. కండ్లకు కానొచ్చేటట్టు కట్టుకోవాలె. గీ పేలిక ఉన్నదంటే రాడ్డు లోపటున్నది. గిది లేదంటే రాడ్డు బయటున్నది. పటాలంల ఒక్కనాడు గూడ తప్పలే."

మా హెడ్డు గారి అలమరా నిండా ఇంజనీరింగు పుస్తకాలు ఉండేవి, అట్టలు నలగనివి. వాటన్నిటిలోనూ కలిపి ఇంత సంగతి ఉంటుందని నేననుకోను. ఉన్నా ఆయనకు అర్థమయ్యేది కాదు. కానీ ఆయన్ను అని ఏం లాభం? అంతా అర్థమైన నేను ఏం వెలగబెట్టానో చూడండి.

వానాకాలం. నా పరిశోధన పేపరు కోసం గోల్నాక దగ్గర మూసీ ఒడ్డున ఇసుక నమూనాలు కావాలి. నాకే కావాలి, ఇంకెవరికీ కాదు. ఆ పొద్దున షెడ్డుకు వెళ్తే దానయ్య గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. చలిజ్వరం. ఇంటికి పొమ్మన్నానా? అనలేదు. రేపు పోదామన్నానా? అదీ అనలేదు. "నాగా పెడితే ఫైలు ఎనుకకు పోతది బిడ్డా, నడువు" అన్నాడు, నేను నడిచాను. మూసీ ఒడ్డు దాకా అతనే తోలాడు. ఆ జ్వరంలోనూ చెప్పులు విడిచి ఇసుకలో, రొచ్చులో నడిచి చూశాడు. రాడ్డు వేశాడు, పేలిక కట్టాడు. నేను సంచులు నింపుకుని వచ్చేసరికి అతని కళ్లు మూతపడుతున్నాయి. "నీతోని అయితదా? మెల్లగ తీస్కపో. రోడ్డు మీదికి రాంగనే ఆపు, ఎనుకకు పో, రాడ్డు తియ్యి, అటెన్క పేలిక ఇప్పు" అని వెనక ఎక్కి ఇసుక సంచుల మధ్య ముడుచుకుని పడుకున్నాడు.

అంత బండి, పట్టపగలు, నా ఒక్కడి చేతిలో! ఆ రొచ్చులోంచి దాన్ని పైకి తీసుకొచ్చేసరికి నాకు తల తిరిగింది. తిన్నగా క్యాంపస్‌కు పోతే దగ్గర. నాకు మాత్రం తార్నాక బస్‌స్టాపు ముందు నుంచి పోవాలి. కాలేజీ వదిలే వేళ, అక్కడ ఆడపిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలీదు, ఒక్కరికీ నేను తెలీను. అయినా ఆ వేళ నన్ను వాళ్లు స్టీరింగు ముందు చూడాలి. ఇంకా బురద దారి మీద ఉండగానే నా కళ్లు ఆ ఎర్ర పేలిక మీద పడ్డాయి. వాడి వాడి వెలిసిపోయిన ఆడమనిషి చీర ముక్క. గ్రీజు మరకలు. దాన్ని కట్టుకుని బస్‌స్టాపు ముందుకు పోవడమా, ఛీ, అనుకున్నాను. ఒంటిచేత్తో ముడి విప్పి ప్యాంటు జేబులో కుక్కుకున్నాను. రాడ్డు రోడ్డు ఎక్కగానే తీస్తాగా అనుకున్నాను. రోడ్డు ఎక్కాను. ఎదురుగా ఒక బస్సు వచ్చింది, దానికి తప్పుకున్నాను, ఆ తప్పుకోవడం భలే కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. రాడ్డు సంగతి ఇంక గుర్తు రాలేదు. గుర్తు చేయాల్సింది జేబులో ఉంది.

రామంతాపూర్ మీదుగా చుట్టు తిరిగి పోనిచ్చాను. స్టీరింగు బరువెక్కింది. మూలల్లో టైర్లు కీచుమన్నాయి. ఎవడైనా బుద్ధున్నవాడు ఆపి చూస్తాడు. నేను ఇంకాస్త గట్టిగా తొక్కాను. తార్నాక చౌరస్తాలో, సరిగ్గా బస్‌స్టాపు ఎదుట, క్యాంపస్ వైపు మలుపు తిప్పుతుంటే కింద ఫటేలుమని చప్పుడైంది. బండి ఒక్క కుదుపు కుదిపి అడ్డంగా నిలిచిపోయింది. ఇరానీ హోటల్లో టీ తాగుతున్నవాళ్లు సాసర్లు చేతిలో పట్టుకునే బయటికొచ్చారు. ఆడపిల్లలు చూశారు, నేను కోరుకున్నట్టే, ఒక్కరు మిగలకుండా అందరూ చూశారు. ఒకమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కార్ఖానా నుంచి సైకిల్ మీద వస్తున్న పెద్దబాపు కూడా చూశాడు. ఆయన ఆగలేదు. బెల్లు ఒకసారి కొట్టి, మమ్మల్ని తప్పించుకుని ఇంటికి పోయాడు.

దానయ్య వెనక నుంచి దిగి, గొంగడి కప్పుకునే బండి కిందికి దూరాడు. లేచి వచ్చి నన్ను పక్కకు జరగమని, తన చోట కూర్చుని, రాడ్డు వంక చూశాడు. లోపలే ఉంది. స్టీరింగు వంక చూశాడు. వట్టిది. ఆ తర్వాత నన్ను అడిగాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టు అడిగాడు.

"బిడ్డా, పేలిక కట్టిన్నా నేను?"

ఆ ప్రశ్నకు జవాబు నా కుడి జేబులో ఉంది. తొడకు తగులుతూ ఉంది. చుట్టూ జనం. హెడ్డు గారు, నా సీటు, పెద్దబాపు, అన్నీ ఒక్కసారే బుర్రలో తిరిగాయి.

"ఏమో దానయ్యా, నేను చూడలే" అన్నాను.

"జరంల మర్చిపోయిన్నా ఏంది?" అని తనలో తాను అనుకున్నాడు. స్టీరింగు మీద ఆ ముడి ఉండే చోట బొటనవేలితో రుద్దాడు. తర్వాత నా వైపు వంగి, మెల్లగా, "ఎవ్వలన్న అడిగితే నేనే నడిపిన అని చెప్పు. నీ సదువు ఖరాబ్ అయితది" అన్నాడు. నేను తల ఊపాను. మహా వినయంగా ఊపాను.

ఇంట్లో ఆ సాయంత్రం ఇంకో నాటకం. పెద్దమ్మ నా ప్యాంటు ఉతకబోయి జేబులోంచి పేలిక లాగింది. "ఇదేందిరా? ఎవరిదిరా ఈ చీర?" అని అది పట్టుకుని వాకిట్లోనే నిలబడింది. పెద్దబాపు చుట్ట పక్కన పెట్టాడు. వెలిగించిన చుట్టను ఆయన పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. "సదువుకొమ్మని తీస్కొస్తే ఆడోల్ల చీరలు జేబుల పెట్టుకొని తిరుగుతున్నవా? మీ నాయినకు నేనేం మొకం చూపియ్యాలెరా?" అని మొదలుపెట్టి మా వంశం పరువంతా నా ముందు పోశాడు. మీరు నమ్మరు, నాకు హాయిగా అనిపించింది! ఏదో ఆడపిల్లతో వ్యవహారం నడుపుతున్నానని వాళ్లు అనుకుంటే అనుకోనీ, ఆ పేలిక లారీదన్న సంగతి బయటికి రాదు. తల వంచుకుని నిలబడి తిట్లన్నీ తిన్నాను. లేని తప్పుకు సిగ్గు నటించడం నాకు బాగానే చేతనైంది. పెద్దమ్మ ఆ పేలికను ఉతికి, ఆరేసి, సాక్ష్యంలాగా తన రేకుపెట్టెలో దాచింది. ఆమె పోయిన తర్వాత పెట్టె తెరిస్తే అలాగే నాలుగు మడతల్లో దొరికింది.

మర్నాడు హెడ్డు గారి గదిలో విచారణ. దానయ్య జ్వరం దిగని ముఖంతో నిలబడ్డాడు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని వచ్చాడు. హెడ్డు గారు కోటు సర్దుకుని, "ఎవరు నడిపారు?" అన్నాడు.

"నేనే సార్."

"ముందు రాడ్డు వేసి ఉందట కదా. మెకానిక్కు చెప్పాడు. మరి నీ పేలిక సిస్టం ఏమైంది? డిపార్ట్‌మెంటంతా చెప్పుకుంటారే, దానయ్య పేలిక కడతాడని!" అని నా వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావు కదయ్యా. బండి ఆగినప్పుడు స్టీరింగుకు పేలిక ఉందా?"

"లేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. అక్షరాలా నిజం. నా జన్మలో అంతకన్నా నీచమైన మాట ఇంకొకటి అనలేదు. హెడ్డు గారు పెద్ద చిక్కు విప్పినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా? నీ పద్ధతి నువ్వే పాటించలేదు. నీలాంటివాణ్ని పర్మనెంట్ చేయమని నేనెలా రాసేది?" దానయ్య నా వంక చూస్తాడేమో అని నేను నేల చూపులు చూస్తున్నాను. అతను చూడలేదు. "మర్చిపోయిన సార్. తప్పయింది. ఇరవై ఏండ్లల ఒక్కనాడు మర్చిపోయిన" అన్నాడు. అతను నన్ను కాపాడటానికి చెప్పినది మొదటి మాట ఒక్కటే. ఈ రెండో మాట నమ్మే చెప్పాడు. నేను నమ్మించాను.

ఫైలు మీద సంతకం పడలేదు. నెల తిరక్కముందే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. స్లాబు వేసిన ఆ క్వార్టరులో వేరెవరో దిగారు, దాని ముందు చెట్టుకు బట్టలారేసే తాడు కట్టారు. నా పేపరు అచ్చయింది. మూసీ ఇసుక గురించి పదకొండు పేజీలు, ఈ రోజు దాకా ఎవడైనా చదివాడంటే నేను నమ్మను. దాని పుణ్యమా అని నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సంఘంలో పెద్దమనిషినయ్యాను.

దానయ్య తార్నాక బస్‌స్టాపు దగ్గర జాంపండ్ల బండి పెట్టుకున్నాడు. నాలుగు సైకిల్ చక్రాల తోపుడుబండి. నేను అటు పోయినప్పుడల్లా జాంపండ్లు కొనేవాణ్ని, అవసరం లేకపోయినా కొనేవాణ్ని, దాన్నే ప్రాయశ్చిత్తం అనుకునే స్థితికి వచ్చాను. అతను నన్ను ఇప్పుడు "సారూ" అనేవాడు. కొన్నాళ్లకు నాకు తెలిసిన సర్వేవాళ్లకు అడవుల్లో జీపు తోలే మనిషి కావాల్సి వచ్చింది. నాలుగు చక్రాలు లాగే జీపు. నౌకరీతో పాటు ఇల్లు కూడా ఇస్తారు. పరుగున పోయి చెప్పాను. ఒక్క దెబ్బతో లెక్క తేలిపోతుందని ఆశ పడ్డాను.

అతను విని, పండ్ల మీద నీళ్లు చిలకరిస్తూ, "వద్దు సారూ" అన్నాడు.

"ఎందుకు దానయ్యా? నీ అంత బాగ తోలేటోడు ఎవడున్నడు?"

"తోలుడు అచ్చిన మాట నిజమే. మతి మీద నమ్మకం పోయింది. ఆ దినం పేలిక కట్టినట్టే యాదికున్నది నాకు. ముడి ఏసినట్టు గూడ యాదికున్నది. ఇగ చూస్తే లేకపాయె. కండ్ల ముంగట ఉన్నట్టు యాదికున్నదే అబద్ధమైతే, నేను ఏది నమ్మాలె సారూ? ఎనుక మనుషులను కూసోబెట్టుకొని ఎట్ల తోలాలె?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నువ్వు కట్టావు, నీకు గుర్తున్నదే నిజం, నేనే విప్పానని. రెండు మాటలు. అప్పటికి అతని నౌకరీ ఎలాగూ పోయింది, నాకు పోయేదేమీ లేదు, మహా అయితే ఒక జాంపండ్లవాడి కంట్లో చులకనవుతాను. అదే నాకు పెద్దదనిపించింది. పండ్లు సంచీలో వేసుకున్నాను. అతను వంగి బండి చక్రం వెనక రాయి పెట్టాడు. లేచాడు. మళ్లీ వంగి రాయి ఉందో లేదో చేత్తో తడిమి చూశాడు. మళ్లీ లేచి, ఆగి, నన్నడిగాడు.

"రాయి పెట్టిన్నా, జర చూడు సారూ."

"పెట్టినవ్ దానయ్యా" అన్నాను.

"సచ్చేనా? నిజమేనా?"

"సచ్చే."

ఆ తర్వాత ఎప్పుడు పోయినా అంతే. ఎవరు పండ్లు కొన్నా వాళ్లను ఆ ప్రశ్న అడిగేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు, లేదని చెప్పి ఆటపట్టించేవాళ్లు. అతను పాపం ప్రతిసారీ వంగి తడిమి చూసుకునేవాడు. యుద్ధంలో చీకటి అడవుల్లో, వంతెనల్లేని వాగుల్లో మనుషుల్ని క్షేమంగా దాటించిన చేతులవి. ఒక ఎండాకాలం ఆ బండి అక్కడ కనబడలేదు. మరుసటి ఎండాకాలమూ కనబడలేదు. గోల్నాక పోయి అడిగి రావడానికి నాకు కాళ్లు రాలేదు.

నిన్న మా వాడు మళ్లీ వచ్చాడు, బండెక్కమని. ఈసారి పేలిక పట్టుకుపోయి స్టీరింగుకు కట్టబోయాను. "ఏంది పెద్ద డాడీ, లెదర్ కవర్ అది, మరకలైతయి" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ వయసులో నాకు వచ్చిన కోపమంతా వాడి మీద పోసేద్దామని నోరు తెరిచాను. వాడి బండిని, వాడి వెండి అక్షరాలను, బురద ఎరగని వాడి చక్రాలను కడిగిపారేద్దామనుకున్నాను. చివరికి పేలికను మళ్లీ నాలుగు మడతలు పెట్టాను. వాడు ఆ మీట వెనక్కి తిప్పడం మర్చిపోతే ఆ పచ్చదీపం వాడికి చెబుతుంది. అబద్ధం చెప్పదు. దాన్ని ముడి విప్పి జేబులో పెట్టుకోవడం నాలాంటివాడి వల్ల కాదు.